మల్లి తెలుపు

తిరుపతి బైరాగిపట్టెడలోని మా ఇంటికి మల్లి వచ్చి తొమ్మిదేళ్ళు నిండాయి. వచ్చిన రోజున దోసిట్లో పట్టిన కుక్కపిల్ల ఇప్పుడు ఆరున్నర కిలోలు తూగుతోంది. అమ్మినవారు పమేరియన్ అని చెప్పారు, వీధిలో అందరూ నేటికీ అలాగే అంటారు కానీ, నిజానికి అది ఇండియన్ స్పిట్జ్. 19వ శతాబ్దంలో బ్రిటిష్‌వారి వెంట ఈ దేశానికి వచ్చిన జర్మన్ స్పిట్జ్ కుక్కల సంతతి, తరతరాలుగా మన ఎండలకు అలవాటు పడి, 1980ల నుంచి మన పట్టణాల్లోని మధ్యతరగతి ఇళ్ళలో బాగా కుదురుకుంది. కోసుగా ఉండే మూతి, నిక్కబొడుచుకున్న చిన్న చెవులు, వీపు మీదికి ఒరిగిన తోక, ఒళ్ళంతా తెల్లని ఒత్తయిన బొచ్చు దాని గుర్తులు.

తెల్లకుక్కను సాకడం కష్టమని, ఎంత కడిగినా ఇట్టే మాసిపోతుందని చాలామంది అంటారు. మొదటి రెండేళ్ళు నేనూ ఆ తెలుపును కడిగి కాపాడుకోవలసిన అందంగానే చూశాను. మల్లి ఒంట్లో ఏం జరుగుతున్నదో ఆ తెలుపే నాకు చెబుతుందని తెలిసింది మాత్రం దాని ఎడమ కంటి కింద మరక పడినప్పుడు.

కంటి మూల నుంచి మూతి వరకు తుప్పు రంగులో ఒక చార ఏర్పడింది. కాచి చల్లార్చిన నీటిలో దూది ముంచి తుడిస్తే పలచబడేది, నాలుగు రోజులకు మళ్ళీ కనిపించేది. కుక్కల కన్నీటిలోను, లాలాజలంలోను పార్ఫిరిన్లు అనే పదార్థాలు ఉంటాయి. అవి బొచ్చు మీద ఆరి, వెలుతురు తగిలేకొద్దీ ఎర్రబడతాయి. నల్లకుక్కకూ అదే నీరు కారుతుంది గానీ కంటికి కనబడదు. కాబట్టి మరకను పోగొట్టే ద్రావకాల కోసం వెదకడం కన్నా, కన్ను ఎందుకు కారుతున్నదో తెలుసుకోవడం ముఖ్యం. పశువైద్యుడు మల్లి రెండు కళ్ళలోనూ పచ్చగా మెరిసే రంగుమందు చుక్క వేసి, గడియారం చూస్తూ కూర్చున్నారు. కొన్ని నిమిషాలకు కుడి ముక్కుపుటం అంచున ఆ పచ్చదనం సన్నగా మెరిసింది, ఎడమ ముక్కు మాత్రం పొడిగానే ఉండిపోయింది. కంటి నుంచి ముక్కులోకి నీరు దిగే సన్నని నాళం ఆ వైపు పూడుకుపోయిందని అలా తేలింది. మత్తు ఇచ్చి, ఆ నాళాన్ని సెలైన్‌తో కడిగిన తరువాత, రెండు నెలల్లో కొత్త బొచ్చు తెల్లగా వచ్చింది. నేను ఆ ఏడాదంతా బయట మరకలు తుడుస్తూ గడిపానే అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆ తరువాత పాదాలు చూడడం నేర్చుకున్నాను. కాలివేళ్ళ సందుల్లో బొచ్చు గోధుమ రంగుకు తిరిగిందంటే, మనం చూడని వేళల్లో అది పాదాలను నాకుతున్నదని అర్థం. మా ఇంట్లో అందుకు కారణం రోజూ ఫినాయిల్ కలిపి నేల తుడవడమేనని తోచి, వట్టి నీళ్ళతో తుడవడం మొదలుపెట్టాక, నాకడం తగ్గింది. పిడుదులు, గోమార్ల విషయంలోనూ తెలుపు మేలే చేస్తుంది. చెవుల వెనుక, మెడ కింద, వేళ్ళ నడుమ బొచ్చును పాయలుగా విడదీసి చూస్తే గోధుమరంగు గోమారి వెంటనే దొరుకుతుంది. అవి మోసుకొచ్చే ఎర్లిషియా జ్వరంలో రక్తంలోని ప్లేట్‌లెట్లు పడిపోతాయి. అప్పుడు పొట్ట కింది గులాబీ రంగు చర్మం మీద సూదిమొనంత ఎర్రచుక్కలు కనిపించవచ్చు, చిగుళ్ళు పాలిపోవచ్చు. ఆ చుక్కలు చూసిన రోజునే వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి, రేపటికి వాయిదా వేయకూడదు.

ఎండాకాలం గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండలు చూసి, జాలితో కుక్కకు నున్నగా గుండు చేయిస్తారు. మూడో వేసవిలో మల్లికి నేనూ చేయించాను. పై బొచ్చు, దాని అడుగున మెత్తని ఉన్నివంటి బొచ్చు, ఈ రెండు పొరలూ చలినే కాక ఎండనూ ఆపుతాయి. పైగా ఆ తెలుపు కింద ఉన్నది సులభంగా కమిలిపోయే లేత చర్మం. వారం తిరగకముందే మల్లి వీపు ఎర్రగా కందిపోయింది, బొచ్చు సరిగా పెరగడానికి ఏడాదికి పైగా పట్టింది. చేయవలసిందల్లా రాలిన అడుగు బొచ్చును దువ్వెనతో తీసివేయడం, సూర్యుడు పైకెక్కకముందే షికారు ముగించడం, బయలుదేరేముందు సిమెంటు రోడ్డు మీద అరచేతి వెనుకభాగం ఆనించి చూడడం. మన చేయి ఆగలేని చోట దాని కాలూ ఆగలేదు. స్నానం నెలకొకసారి చాలు, అయితే అడుగు పొర దాకా పూర్తిగా ఆరబెట్టాలి, లేకపోతే చర్మం చెమ్మగిల్లి పుండ్లు పడతాయి.

ఇక మన ఊరికే ప్రత్యేకమైన ఒక ప్రమాదం ఉంది. కొండకు వచ్చే బంధువులందరికీ తిరుపతిలోని ఇళ్ళే మజిలీ, దర్శనం చేసుకుని దిగిన ప్రతివారి చేతిలోనూ లడ్డు ఉంటుంది. ఆ లడ్డులో జీడిపప్పు, కలకండ, ఏలకులతో పాటు ఎండుద్రాక్ష కూడా ఉంటుంది. ద్రాక్ష, ముఖ్యంగా ఎండుద్రాక్ష, కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఎంత తింటే ప్రమాదమో ముందుగా చెప్పలేం. మా మేనత్త మల్లి నోటికి ముక్క అందించబోతుంటే నేను చేయి పట్టుకున్నాను. "ఒక ముక్కే కదా అమ్మీ, ప్రసాదం కాదనగూడదు" అని ఆమె నొచ్చుకుంది. ద్రాక్ష సంగతి వివరించాక, తానే ముక్కను చిదిపి, లోపల దొరికిన మూడు ఎండుద్రాక్షలను అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసి, "దీనికి ఇంత కీడుందా" అంది. ఆ రోజు మల్లికి ఇంత పెరుగన్నం పెట్టి, లడ్డు అలమరలో పైఅరకు చేర్చింది.

ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లమే ఈ హానికి కారణం కావచ్చని 2021 నుంచి పశువైద్యులు చెబుతున్నారు. అదే ఆమ్లం చింతపండులో పుష్కలంగా ఉంటుంది. అప్పటి నుంచి మా ఇంట్లో చారు అన్నం గానీ పులిహోర గానీ మల్లి గిన్నెలో పడలేదు. ఉల్లిపాయ, వెల్లుల్లి కూడా దాని రక్తకణాలను చెడగొడతాయి గనుక, మన కూర కలిపిన అన్నం పెట్టే అలవాటే మానుకున్నాం. ఉప్పు లేని రాగి సంగటి కొద్దిగా, ఉడికించిన కోడిమాంసం కొంత, వైద్యుడు సూచించిన దాణా, ఇదే దాని భోజనం.

ఇన్ని చెప్పే ఆ తెలుపు ఒక్కటి మాత్రం దాచిపెడుతుంది. మిగతా కుక్కలకు వయసు మళ్ళితే మూతి నెరుస్తుంది, చూసినవారికి తెలుస్తుంది. మల్లి మూతి మొదటి రోజున ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. కిందటి నెలలో ఒక సాయంత్రం, గేటు దగ్గరి రెండు మెట్ల ముందు అది ఆగి, నా వైపు చూసి, ముందుకాలు ఎత్తి మళ్ళీ దించుకుంది. వైద్యుడు మోకాళ్ళు పరీక్షించి, కీళ్ళకు మందు రాశారు. మరుసటి ఆదివారం మేస్త్రీని పిలిపించి, ఆ రెండు మెట్ల పక్కనే వాలుగా, గరుకుగా ఒక దారి వేయించాను. సిమెంటు ఆరేదాకా మూడు రోజులు మల్లిని ఎత్తుకునే దించాను.