సేవాగ్రామ్‌లో పాముల పటకారు

కాజీపేట, బల్లార్షా మీదుగా ఢిల్లీ వెళ్లే రైళ్లు చాలానే సేవాగ్రామ్‌లో ఆగుతాయి. మనవాళ్లలో అక్కడ దిగేవాళ్లు మాత్రం తక్కువ. ఈసారి నేనూ మా అమ్మాయీ దిగాం. స్టేషన్ బయట ఆటో మాట్లాడుకుని ఆశ్రమానికి వెళ్లాం.

1930లో దండికి బయల్దేరినప్పుడు, స్వరాజ్యం వచ్చేదాకా సబర్మతి ఆశ్రమానికి తిరిగి రానన్నారు గాంధీజీ. ఆ మాట మీదే ఉండి 1936లో, 66 ఏళ్ల వయసులో, వార్ధా పక్కనున్న ఈ పల్లెకు వచ్చారు.

బాపూ కుటీరానివి మట్టిగోడలు, పెంకుల కప్పు. నేల మీద చాప, రాసుకోవడానికి ఎత్తు తక్కువ బల్ల. గోడ మీద గాంధీజీ శిష్యురాలు మీరాబెన్ మట్టితోనే దిద్దిన తాటిచెట్లు, రాట్నం. క్విట్ ఇండియాకు దారితీసిన తీర్మానం కాంగ్రెస్ కార్యవర్గం 1942 జులైలో వార్ధాలోనే చేసింది. ఆ రోజుల్లో దేశం చూపంతా ఇటే ఉండేది. గాంధీజీతో మాట్లాడటానికి వైస్రాయ్ లిన్‌లిత్‌గో పెట్టించిన టెలిఫోన్ ఇప్పటికీ ఉంది.

నన్ను కదలనివ్వంది మాత్రం టెలిఫోన్ కాదు, పాముల్ని పట్టే పొడవాటి పటకారు, పట్టిన పామును ఉంచే బోను.

"నాన్నా, పాముల్ని కూడా చంపనిచ్చేవారు కాదా?" అంది మా అమ్మాయి.

"లేదమ్మా, పట్టి దూరంగా తీసుకెళ్లి వదిలేసేవాళ్లు."

పాము కనిపిస్తే ఎవరికైనా భయమే. చంపొద్దని చెప్పి ఊరుకుంటే ఆ భయం పోదు. అందుకే చేతికి ఒక పనిముట్టు ఇచ్చారు. అహింస గురించి నేను విన్న ఏ ఉపన్యాసం కన్నా ఆ పటకారే నాకు ఎక్కువ చెప్పింది.

ఆ తర్వాత పర్చురే కుటీరం. పర్చురే శాస్త్రి సంస్కృత పండితుడు, కుష్ఠు రోగి. ఆ జబ్బున్నవాళ్లను అప్పట్లో ఊళ్లోకే రానిచ్చేవారు కాదు. గాంధీజీ ఆయనకు తన కుటీరానికి దగ్గర్లోనే గుడిసె వేయించి, రోజూ స్వయంగా ఒళ్లు మర్దన చేసేవారు. ఎన్ని ఉత్తరాలు, ఎంతమంది నాయకులు ఎదురుచూస్తున్నా ఆ పని వేరేవాళ్లకు వదిలేయలేదు. అక్కడ మాకు కళ్లు చెమర్చాయి.

1946 ఆగస్టులో ఢిల్లీ వెళ్లిన గాంధీజీ మళ్లీ ఇక్కడికి రాలేకపోయారు.

సాయంత్రం ప్రార్థన అయ్యాక అక్కడికి దగ్గర్లోనే ధామ్ నది ఒడ్డున ఉన్న పవనార్ గురించి ఆరా తీశాం. వినోబా భావే ఆశ్రమం అది. 1951లో ఆయన అక్కడి నుంచే నడుచుకుంటూ హైదరాబాద్ దగ్గరి శివరాంపల్లి సర్వోదయ సమావేశానికి వచ్చారు. ఆ తర్వాతే పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇవ్వడంతో భూదానం మొదలైంది. పొద్దున్నే పవనార్ చూసి బయల్దేరదామని, ఇంటికి వెళ్లాక పోచంపల్లి కూడా చూడాలని మా అమ్మాయే ప్లాన్ వేసింది.