నిషాదం వచ్చిన చోట

సంగీతం క్లాసు మానేస్తానని మా అమ్మాయి అన్నప్పుడు దానికి తొమ్మిదేళ్లు. శనివారం రాత్రి ఎనిమిదింటికి ఐప్యాడ్ ముందు కూర్చోబెట్టేదాన్ని. అవతల టీచర్ గారికి ఆదివారం పొద్దున, ఇక్కడ దీనికి నిద్ర ముంచుకొచ్చే వేళ. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు అయ్యి గీతాల్లో పడింది, సరిగ్గా చెప్పాలంటే మోహన రాగంలోని 'వరవీణా' గీతం దగ్గర ఆగిపోయింది. మరుసటి ఏడాది స్కూల్ బ్యాండ్‌లో ఏం నేర్చుకుంటావని అడిగితే ఓబో అనే ఊదే వాయిద్యం అందట. ఆ పేరే నేను అంతకుముందు వినలేదు. ఆ రాత్రి ఏడ్చాను. పాట కూడా పోతే ఇక దీనికి మనది అనేది ఏం మిగులుతుంది అని.

ఇప్పుడు దానికి పద్నాలుగు. మేముండేది అయోవాలో, సీడర్ రాపిడ్స్. ఈ ఊరికి ఎప్పుడో వలస వచ్చిన చెక్ వాళ్లు చాలామంది, చెక్ విలేజ్ అని ఒక పేటే ఉంది. పోయిన చలికాలం పిల్లల ఆర్కెస్ట్రాలో చెక్ స్వరకర్త ద్వోర్జాక్ తొమ్మిదో సింఫనీ, 'న్యూ వరల్డ్' అంటారే, అది వేస్తున్నారని, రెండో భాగంలో సోలో తనదేనని చెప్పింది. ఓబో కాదు, దాని అక్కలాంటి ఇంగ్లిష్ హార్న్. కాస్త పొడుగు, కింద ఉల్లిపాయలా గుండ్రంగా ఉంటుంది, గొంతు బొంగురుగా, నిండుగా ఉంటుంది. ఆ సింఫనీ మొత్తంలో దానికి ఈ ఒక్క భాగంలోనే పని, ఆ పని మాత్రం అందరూ ఊపిరి బిగబట్టి వినేది.

సరిగ్గా అప్పుడే మా అమ్మ తెనాలి నుంచి వచ్చి మా దగ్గర ఉంది. పిల్ల చిన్న గిన్నెలో నీళ్లు పోసి అందులో రీడ్ నానబెట్టి, నోట్లో పెట్టుకుని కీచుమనిపిస్తుంటే అమ్మ దగ్గరికెళ్లి కళ్లద్దాలు సర్దుకుని చూసింది. రెండు సన్నటి రెల్లు చీలికలు, దారంతో కట్టి ఉన్నాయి. "ఇది సన్నాయేనే!" అంది. నిజమే, సన్నాయికీ ఓబోకీ సూత్రం ఒకటే, రెండు చీలికల మధ్య ఊపిరి దూరి అవి వణికితే శబ్దం. నాలుగేళ్లుగా ఆ కీచు నా ఇంట్లో వింటున్నాను, పెళ్లిపందిట్లో వినే శబ్దానికి అది చుట్టమని నాకు ఒక్కసారీ తట్టలేదు.

పిల్ల సోలో మొదలుపెట్టింది. నిదానంగా, ఒక్కో స్వరం తూచినట్టు. అమ్మ తొడమీద తాళం వేస్తూ పెదాలు కదుపుతోంది, గా ప పా, గా రి సా, రి గ ప గ రీ... "మోహన! ఇది మోహనే! వరవీణా ఎత్తుకునేదీ ఇలాగే కదటే, గగ పా పా!" నాకు గుండె ఝల్లుమంది. ఆగిపోయిన చోటికే తిరిగొచ్చిందా నా పిల్ల అనిపించింది.

నా ఆనందం నిమిషం కూడా లేదు. తర్వాతి పంక్తిలో ధైవతం మీది నుంచి పై షడ్జానికి వెళ్లి, దిగేటప్పుడు మోహనలో ఉండని నిషాదం తగిలింది. అమ్మ తాళం ఆపేసింది. "నిషాదం వచ్చిందే. మోహన కాదు." నేను, పోనీలేమ్మా దగ్గరగా ఉంది కదా అన్నాను. "దగ్గరేంటి, నిషాదం వచ్చాక అది మోహన కాదు," అంది, సంగీతం విషయంలో అమ్మ ఎవరికీ మినహాయింపు ఇవ్వదు. కాసేపాగి, "మళ్లీ వాయించవే," అంది పిల్లతో.

ఆ వారం రోజులూ వాళ్లిద్దరిదీ అదే పని. ఇది ఏ శ్రుతి అని అమ్మ అడిగితే పిల్ల డి ఫ్లాట్ అంది, అమ్మ ఫోన్‌లో తంబురా యాప్ తెరిచి ఒకటిన్నరకి పెట్టింది. తంబురా మీద ఆ సోలో వింటే ఎంత బాగుందో. కానీ పిల్లకి నచ్చలేదు. "అమ్మమ్మా, ఇందులో కింద కదులుతూ ఉంటుంది, నీ తంబురా కదలదు," అంది. రికార్డింగ్ పెట్టి వినిపించింది. సోలోకి ముందు ఇత్తడి వాయిద్యాలు ఏడు కార్డులు, అంటే కొన్ని స్వరాలు ఒకేసారి కలిపి, వాయిస్తాయి, ఎక్కడో వేరే శ్రుతిలో మొదలై, ఒక్కొక్క అడుగూ వేసుకుంటూ ఏడో దానికి డి ఫ్లాట్‌లోకి దిగుతాయి. చీకట్లో తడుముకుంటూ వచ్చి ఇంటి గడప తాకినట్టు ఉంటుంది. ఆ దిగడం విన్నాక వచ్చే పాట వేరు, ఉత్త తంబురా మీద వచ్చే పాట వేరు. మధ్య భాగంలో షడ్జం అదే ఉండి గాంధారం కిందికి దిగుతుంది, అది మాత్రం అమ్మ వెంటనే పట్టేసింది. "ఇక్కడ ఎవరో పోయారు," అంది. పిల్ల కళ్లు పెద్దవి చేసుకుని నా వైపు చూసింది.

ఈ సంగీతాన్ని లేట్ రొమాంటిక్ అంటారు, పంతొమ్మిదో శతాబ్దం చివరి కాలానిది. చైకోవ్‌స్కీ, బ్రూక్నర్, మాహ్లర్, వీళ్లంతా ఆ కాలం వాళ్లే. మనిషి లోపల జరిగేదంతా, దిగులు, భయం, పిచ్చి సంతోషం, ఏదీ దాచుకోకుండా అంతమంది వాద్యగాళ్ల మీద పెట్టి మోయించారు. చైకోవ్‌స్కీ ఆరో సింఫనీ 1893 అక్టోబరులో ఆయనే నడిపించాడు, తొమ్మిది రోజులకి చనిపోయాడు. న్యూ వరల్డ్ మొదటిసారి వినిపించింది అదే ఏడాది డిసెంబరు 16న, న్యూయార్క్ కార్నెగీ హాల్లో. పిల్లల పెంపకం గురించి రాస్తూ ఇదంతా ఎందుకంటే, ద్వోర్జాక్ కథ చదివాక నాకు ఆయన సంగీతకారుడికంటే ముందు మనలాంటి తండ్రిగా కనిపించాడు.

ప్రాగ్ దగ్గర పల్లెటూళ్లో మాంసం కొట్టువాడి కొడుకు. 1892లో నేషనల్ కన్జర్వేటరీ అనే సంగీత కళాశాల వాళ్లు ఏడాదికి 15,000 డాలర్లు ఇస్తామంటే న్యూయార్క్ వచ్చాడు. మనలో చాలామంది వచ్చిన కారణమే. ఆరుగురు పిల్లల్లో ఇద్దర్నే వెంట తెచ్చుకున్నాడు, మిగతా నలుగుర్నీ అక్కడే వదిలి రావాల్సి వచ్చింది. ఆ చలికాలం, వసంతం ఈ సింఫనీ రాశాడు. 1893 మే నెలలో అది పూర్తయ్యాకే ఆ నలుగురూ వచ్చారు. అంటే ఆ సోలో రాసినప్పుడు ఆయన పిల్లలు సముద్రానికి అటు నలుగురు, ఇటు ఇద్దరు. ఇది తెలిశాక నేను ఆ సోలోని మామూలుగా వినలేకపోయాను. మేం కూడా పెద్దవాణ్ణి ఏడాదిన్నర అమ్మ దగ్గర తెనాలిలో ఉంచాం, వీసా గొడవల్లో. దాని గురించి ఇంకెప్పుడైనా రాస్తాను.

పిల్లలు రాగానే అందర్నీ తీసుకుని ఆయన వేసవికి వెళ్లింది మా అయోవాకే, స్పిల్‌విల్ అనే చిన్న ఊరికి, మా ఇంటికి రెండు గంటల దూరం. అక్కడంతా చెక్ మాట్లాడేవాళ్లే. పొద్దున్నే చర్చిలో ఆర్గన్ వాయించడం, ముసలివాళ్లతో కబుర్లు, పిల్లలందరూ కళ్లెదుట. అక్కడే నాలుగు తంత్రీవాద్యాల కోసం ఒక క్వార్టెట్ రెండు వారాల్లో ముగించాడు. ఆయన దిగిన ఇల్లు ఇప్పటికీ ఉంది, కింద గడియారాల మ్యూజియం. అమ్మని, పిల్లని తీసుకుని ఒక ఆదివారం వెళ్లాం. చుట్టూ దున్నిన పొలాలు, గాలి తప్ప చప్పుడు లేదు. ఆయన పెద్ద కూతురు ఒతిలీకి అప్పుడు పదిహేనేళ్లని చెబితే మా అమ్మాయి, "అంటే నా అంత," అంది. ఆ చలికాలం ఒతిలీ, తమ్ముడు కలిసి వాయించుకోవడానికి ఆయన వయొలిన్, పియానోలకి సొనాటినా అనే చిన్న రచన ఒకటి రాశాడు. తర్వాత ఒతిలీ ఆయన శిష్యుడు యోసెఫ్ సుక్‌ని పెళ్లి చేసుకుంది. 1904లో తండ్రి పోయాడు, మరుసటి ఏడాదే ఆమె పోయింది. సుక్ అప్పటికి మామగారి కోసం రాస్తున్న 'అజ్రాయెల్' సింఫనీని ఇద్దరి కోసం ముగించాడు. కారులో తిరిగొస్తూ అందులో నాలుగో భాగం, ఒతిలీ కోసం సుక్ రాసినది, విన్నాం. ఎవరం మాట్లాడలేదు.

నన్ను కదిలించింది ఇంకొకటి. ఈ సోలో వింటే నాకు ఇల్లు గుర్తొస్తుంది. 1922లో ద్వోర్జాక్ శిష్యుడొకడు దీనికి ఇంటికెళ్తున్నా అనే అర్థంలో ఇంగ్లిష్ మాటలు కూడా రాశాడు. నీకు ఏం గుర్తొస్తుందని పిల్లని అడిగాను. తెనాలి అంటుందని ఆశ. అది చాలాసేపు ఆలోచించి, "మన వీధి చివర పొలం, నవంబర్‌లో, జొన్న కోసేశాక," అంది. అదీ దాని ఇల్లు. మక్కజొన్న అని దిద్దబోయి ఊరుకున్నాను. నేను వదిలొచ్చిన ఊరికోసం అది బెంగపడాలని ఇన్నేళ్లూ దాన్ని లాగుతున్నానని ఆ క్షణంలో తెలిసింది. ద్వోర్జాక్ 1895లో వెనక్కి వెళ్లిపోయాడు. మేం వెళ్లం. నా కూతురు బెంగపడితే అయోవా కోసమే బెంగపడుతుంది.

కచేరీ రోజు అమ్మ పట్టుచీర కట్టుకుంది. ఏడు కార్డులూ దిగాయి, పిల్ల ఊపిరి తీసుకోవడం మూడో వరసలో మాకు కనిపించింది. నా చేతిని అమ్మ గట్టిగా పట్టుకుంది. ఆ భాగం చివర్లో అదే పాటని కొద్దిమంది తంత్రీవాద్యాల వాళ్లే ఎత్తుకుంటారు, కొన్ని స్వరాలు వాయించి ఆగుతారు, మళ్లీ ఆగుతారు. పిల్లలు మర్చిపోయారేమో అని నాకు టెన్షన్ వచ్చింది. అలాగే రాశాడట, గొంతు పూడుకుపోయి మాట ఆగినట్టు. హాల్లో ఎవరూ దగ్గను కూడా లేదు.

అమ్మ వెళ్లిపోయే ముందు రోజు వంటింట్లో గోంగూర వలుస్తూ ఏదో కూనిరాగం తీస్తోంది. గా ప పా, గా రి సా. మోహనలోకి మార్చేసిందేమో అనుకుని గుమ్మం దగ్గరే నిలబడి విన్నాను. రెండో పంక్తి వచ్చింది. పై షడ్జం దాకా వెళ్లి, కాస్త ఆగి, నిషాదాన్ని జాగ్రత్తగా పలికి, దిగింది.