కోవెంట్రీ ఇల్లు, రామగిరి కాగితాలు

ఇంగ్లండులో ఇల్లు కొనాలనుకునే మన పిల్లలు శని, ఆదివారాలు వస్తే ఇళ్లు చూడటానికి బయలుదేరుతారు. అంతకన్నా ముందు ఇక్కడ నల్లగొండలో తమ పేరున ఏమేం రాసి ఉన్నాయో చూసుకోవాలంటాను నేను. దస్తావేజులు రాయడం నా వృత్తి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర బల్ల వేసుకుని అమ్మకాలు, గిఫ్టులు, భాగపంపకాలు రాస్తుంటాను. ఇంగ్లండు చట్టం నా చదువు కాదు. కానీ మా మేనకోడలు, ఆమె భర్త కోవెంట్రీలో ఇల్లు కొన్నప్పుడు వాళ్ల సొలిసిటర్ (ఇల్లు కొనుగోలు పనులు చూసే అక్కడి లాయరు) అడిగిన ప్రతి కాగితానికీ ఫోను నాకే వచ్చింది. ఆ తర్వాత ఊళ్లో చాలామంది తల్లిదండ్రులు అవే ప్రశ్నలు అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను.

మనకు భయమంతా టైటిల్ దగ్గర. ఈసీ, అంటే ఆస్తి మీద లావాదేవీలు, భారాలు చూపే సర్టిఫికెట్టు తీస్తాం, లింకు డాక్యుమెంట్లు చూస్తాం, పొలమైతే పాత పహాణీలు తిరగేస్తాం. అంత చేసినా 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం దస్తావేజును నమోదు చేస్తుందే తప్ప అమ్మినవాడే అసలు యజమాని అని హామీ ఇవ్వదు. ఇంగ్లండులో ఆ హామీ ప్రభుత్వానిదే. ల్యాండ్ రిజిస్ట్రీ పుస్తకంలో పేరుంటే యజమాని. అందులో తప్పు దొర్లి ఎవరైనా నష్టపోతే పరిహారం కూడా రిజిస్ట్రీయే ఇస్తుంది. 1990 డిసెంబరు 1 నుంచి ఇంగ్లండు, వేల్స్ అంతటా ఇల్లు చేతులు మారితే నమోదు తప్పనిసరి. 7 పౌండ్లు కడితే ఎవరింటి రికార్డునైనా ఎవరైనా తెరిచి చూడవచ్చు.

మా మేనకోడలు తను చూసిన ఇంటి రికార్డు పంపించింది. మూడు భాగాలు: ఆస్తి ఏది, యజమాని ఎవరు, దాని మీద ఉన్న భారాలేమిటి. యజమాని బ్యాంకు అప్పు అందులో ఉంది. దాని కింద 1936లో రాసిన ఒక షరతు: ఈ ఆవరణలో కోళ్లు, పందులు పెంచరాదు. ఇల్లు ఎన్ని చేతులు మారినా ఆ షరతు మాత్రం ఇంటినే పట్టుకుని ఉంది. నన్ను ఆశ్చర్యపరిచింది హద్దుల సంగతి. తూర్పు ఫలానావారి ఇల్లు, పడమర బాట అని నాలుగు దిక్కులూ రాయకపోతే మా ఆఫీసులో కాగితం ముందుకు కదలదు. అక్కడ మ్యాపు మీద ఒక ఎర్ర గీత, అంతే. అది కూడా సుమారు హద్దేనట. రెండిళ్ల మధ్య కంచె సరిగ్గా ఎక్కడ ఉండాలో ఆ గీత తేల్చదు.

రెండో సందేహం బయానా. "మేం చెప్పిన ధరకు ఒప్పుకున్నారు మామా, ఇక ఇల్లు మాదే కదా?" అని అడిగింది. కాదు. స్థలం, ఇల్లు కొనే ఒప్పందం రాతపూర్వకంగా, సంతకాలతో ఉండాలని అక్కడ 1989 చట్టం చెబుతోంది. రెండువైపుల సొలిసిటర్లు కాంట్రాక్టులు మార్చుకునే రోజును ఎక్స్ఛేంజ్ అంటారు. ఆ రోజు వరకు ఎవరూ ఎవరికీ కట్టుబడి లేరు. ఎవరైనా ఎక్కువ ఇస్తానంటే అమ్మేవాడు అటు తిరిగినా అడగలేం. ఈలోపు ఇంటి స్థితిని పరీక్షించే సర్వేకు, సొలిసిటర్‌కు, మునిసిపాలిటీ వంటి కార్యాలయాల్లో విచారణలకు పెట్టిన ఖర్చు నీళ్లపాలే. ఎక్స్ఛేంజ్ రోజున మామూలుగా పదో వంతు కడతారు. ఆ తర్వాత కొనేవాడు వెనక్కి తగ్గితే అది పోతుంది. తాళం చేతికొచ్చేది మిగతా సొమ్ము చెల్లించే కంప్లీషన్ రోజున.

అమ్మేవాళ్లు నింపే ఒక ఫారం మాత్రం నాకు భలే నచ్చింది. పొరుగువారితో తగాదాలు ఏమైనా ఉన్నాయా అని అందులో అడుగుతారు. దాచిపెట్టి అమ్మితే కొన్నవాడు తర్వాత దావా వేయవచ్చు. ఆ ఫారం మన దగ్గర పెడితే సగం ఇళ్లు అమ్ముడుపోవు! ఇంకో ఫారంలో కర్టెన్లు, బల్బులతో సహా ఏవి వదిలి వెళ్తారో, ఏవి పట్టుకెళ్తారో రాస్తారు.

ఫ్లాట్లను అక్కడ మామూలుగా ఇన్నేళ్లని గడువున్న లీజు మీద అమ్ముతారు, కాబట్టి ఆ లీజు ఎన్నేళ్లు మిగిలిందో చూడాలి. 80 ఏళ్ల కన్నా తగ్గితే పొడిగించుకోవడానికి ఖర్చు పెరుగుతుంది, అప్పు దొరకడమూ కష్టమవుతుంది. మావాళ్లు అలాంటిదే ఒకటి చూసి వదిలేశారు.

ఇక అసలు చిక్కు పన్ను. ఇంటి ధర 3,20,000 పౌండ్లు. మొదటిసారి ఇల్లు కొనేవాళ్లకు 2025 ఏప్రిల్ 1 నుంచి 3 లక్షల పౌండ్ల వరకు స్టాంప్ డ్యూటీ లేదు. 3 నుంచి 5 లక్షల మధ్య భాగం మీద 5 శాతం. అంటే వీళ్లకు పడేది 1,000 పౌండ్లు. దంపతులిద్దరూ ఆ లెక్కలోనే ఉన్నారు. సొలిసిటర్ మాత్రం ఇంకో ప్రశ్న వేశాడు: ప్రపంచంలో ఎక్కడైనా మీలో ఎవరి పేరునైనా ఇల్లు ఉందా?

ఉంది. పెళ్లప్పుడు అమ్మాయి తండ్రి, మా బావ, ఇక్కడ నల్లగొండ రామగిరిలోని డాబా ఇంటిని పసుపు కుంకుమ కింద అమ్మాయి పేరున గిఫ్టు రాశాడు. ఆ దస్తావేజు రాసింది నేనే. గిఫ్టుగా వచ్చినా, వారసత్వంగా వచ్చినా, ఇల్లు ఇల్లే. కొనేవాళ్లలో ఒక్కరికి ఉన్నా మొదటిసారి రాయితీ ఇద్దరికీ పోతుంది. మామూలు లెక్కలో పన్ను 6,000 పౌండ్లు. పైగా ఉన్న ఇంటి విలువ 40,000 పౌండ్లు, అంటే సుమారు 46 లక్షల రూపాయలు, లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే, కొత్త ఇల్లు రెండో ఇల్లవుతుంది. అప్పుడు మొత్తం ధర మీద ఇంకో 5 శాతం, అంటే 16,000 పౌండ్లు. వెయ్యి అనుకున్నది 22,000 అయింది.

అల్లుడి ఒక్కడి పేరునే కొంటే? అదీ కుదరదు. కలిసి ఉంటున్న భార్యాభర్తలను ఈ అదనపు పన్ను విషయంలో ఒకటిగానే చూస్తారు.

మా చెల్లెలికి ఈ సంగతి చెప్పగానే, "పుట్టింటి పసుపు కుంకుమకు ఇంగ్లండులో పన్నేమిటన్నా?" అని నా మీద విరుచుకుపడింది. కంప్లీషన్‌కు ముందే అమ్మాయి ఆ ఇంటిని తన తమ్ముడి పేరున రాసేస్తే 16,000 తప్పుతుంది. కానీ నిజంగా ఇచ్చేయాలి, పేరుకు రాసి అద్దె తాను తీసుకుంటే చెల్లదు. రాయాలంటే అమ్మాయి అక్కడి నోటరీ ముందో మన హైకమిషన్‌లోనో పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు వేయించాలి. అన్నీ విని, నేను నా అభిప్రాయం చెప్పాను: డెబ్బై లక్షల ఇల్లు వదులుకుని పద్దెనిమిది లక్షలు మిగుల్చుకోవడం లాభం కాదు. అమ్మాయి పన్నే కట్టింది. చెల్లెలు శాంతించింది, అల్లుడు మాత్రం ఇంకా లెక్క వేస్తూనే ఉన్నాడు.

డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న మరొకటి. బావ మిర్యాలగూడ రోడ్డు ప్లాటు అమ్మి 25 లక్షలు పంపాడు. సొలిసిటర్ బావ గుర్తింపు కార్డు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ప్లాటు అమ్మిన దస్తావేజు అన్నీ అడిగాడు. ఇది అప్పు కాదు, ఇంటిలో నాకు హక్కు లేదు అని బావ సంతకం చేసి ఇవ్వాలి. ప్లాటు కొన్నవాడు సర్కారు విలువకు రిజిస్ట్రేషన్ చేసి మిగతాది నగదుగా ఇస్తానని పట్టుబట్టినప్పుడు, అలాగైతే నేను రాయనని చెప్పాను. 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఇక్కడే నేరుగా చట్టవిరుద్ధం. సంచిలో వచ్చిన డబ్బును ఇంగ్లండు సొలిసిటర్ ముట్టుకోడు. స్టాంపు ఖర్చు మిగిలిందని మురిసిపోయేవాళ్లు పిల్లల ఇంటి దగ్గర ఇరుక్కోవడం చూస్తున్నాను.

పంపేటప్పుడు బ్యాంకు 10 లక్షలు దాటిన సొమ్ము మీద 20 శాతం టీసీఎస్, అంటే ముందుగానే వసూలు చేసే ఆదాయపు పన్ను పట్టుకుంటుంది. బావకు 15 లక్షల మీద 3 లక్షలు పట్టుకున్నారు. అది రిటర్నులో సర్దుబాటవుతుంది, కానీ అప్పటికప్పుడు చేతిలో ఉండాలి. ఆ 3 లక్షలు మా చెల్లెలి చీటీ పాటలోంచి వచ్చాయి.

ఇప్పుడు అల్లుడి తమ్ముడు లీడ్స్‌లో ఇల్లు చూస్తున్నాడు. పొలం తన పేరున ఉంది, ఇబ్బందేమైనా ఉందా అని అడిగాడు. ఖాళీ పొలం ఇల్లు కాదు, దానితో ఇబ్బంది లేదన్నాను. బావి దగ్గర వాళ్ల నాన్న కట్టిన రెండు గదుల సంగతి ఏమిటని నేను అడిగితే, వాటికి పంచాయతీ ఇంటి నంబరు ఉందో లేదో కనుక్కుని చెప్తానన్నాడు.