చెట్టు కూలి మనిషి పోతే మున్సిపాలిటీని అడగొచ్చా?

మహారాష్ట్రల మా బల్లార్షా, చాందా (చంద్రపూర్) దిక్కు మనోళ్లది ఒక్కటే తీరు. రోడ్డు గుంతల బండి పడో, కొమ్మ విరిగి మీద పడో మనిషి పోతే నాలుగు రోజులు తిట్టుకుంటరు, ఆఖరికి వాని గీత అంతే అని ఊకుంటరు, నగర్‌సేవక్ (కౌన్సిలర్) వచ్చి చేతుల ఇంత పెడితే దండం పెడతరు. నాకైతే మండుతది. కోర్టుకు పోయి నష్టపరిహారం వసూలు చేసుకోవచ్చు కదా!

1951ల ఢిల్లీ చాందినీ చౌక్‌ల గడియారం స్తంభం కూలి జనం సచ్చిపోయిండ్రు. పైకి ఏ లోపం కనవడలే, మాకెట్ల తెలుస్తది అన్నది కార్పొరేషన్. కట్టి 80 ఏండ్లయింది, అందుల వాడిన సున్నం 40-45 ఏండ్లకు మించి ఆగదు, మరి ఇన్నేండ్లు ఎవరు చూసిండ్రు? 1966ల సుప్రీంకోర్టు బాధ్యత మీదే అన్నది.

అట్లని ప్రతిసారి గెలుస్తమని కాదు. రాజ్‌కోట్‌ల రోడ్డు పక్క చెట్టు పడి ఒకాయన పోతే 1997ల అదే కోర్టు కార్పొరేషన్‌ది బాధ్యత కాదన్నది. 1999ల ఢిల్లీ కేసుల మాత్రం, స్కూటర్ మీద పోతున్నాయన మీద కొమ్మ పడితే, బాధ్యత ఉందన్నది, ఎందుకంటే అది ఎండిపోయిన చెట్టు, చూస్తే తెలుస్తది, ముందే తీసెయ్యాలె. అంటే ప్రమాదం ముందే కనవడ్డా ఊకున్నరా అన్నదాని మీదనే చానా వరకు కేసు నిలవడుతది. అందుకే గుంత, ఎండిన చెట్టు, మూతలేని గటార్ (మోరీ) కనవడితే నోటితోని చెప్పుడు కాదు, అర్జీ ఇచ్చి ఆవక్ నంబర్ (అర్జీ అందిందని ఆఫీసోళ్లు ఏసే నంబర్) ఏయించుకోవాలె, ఫోటో తీసి పెట్టుకోవాలె.

ఇంకోటి, 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద దావా భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, పిల్లల కోసమే, అన్నదమ్ములకు రాదు (ఇదేం న్యాయమో). గడువు రెండేండ్లు. పంచనామా, పోస్ట్‌మార్టం కాపీలు అప్పుడే తీసుకోన్రి, తర్వాత తిప్పిచ్చుకుంటరు.

2025 అక్టోబర్‌ల బాంబే హైకోర్టు గుంతల వల్ల, మ్యాన్‌హోల్ వల్ల పోతే 6 లక్షలు, దెబ్బలు తగిలితే 50 వేల నుంచి 2.5 లక్షల దాక ఇయ్యాలె, ఆ పైసలు తప్పు చేసిన అధికారి, కాంట్రాక్టర్ దగ్గర వసూలు చెయ్యాలె అన్నది. ఇది మహారాష్ట్రకే. కాగజ్‌నగర్‌ల ఉన్న మన సుట్టాలకు అక్కడి రోడ్ల మీద ఇది నడవదు, కానీ వాళ్లు పెండ్లికి ఇటొచ్చి ఇక్కడ గుంతల పడితే మాత్రం ఇక్కడనే అడగొచ్చు.