టేపు చుట్టుకుని ఆడమన్నారు

నా ఎడమ చేతి ఉంగరపు వేలు చివరి కణుపు దగ్గర వంగదు. చలికాలం పొద్దున్నే తిమ్మిరెక్కుతుంది. అయినా వేలు ఉంది. దాన్ని తీసేయాలని అనంతపురంలో ఒక డాక్టరు కుర్చీలోంచి లేవకుండానే తేల్చేశారు.

కుజదోషం పోవాలని మా జేజి తొడిగిన పగడపు ఉంగరం వేలికి బిగిసిపోయింది. కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్‌కు ముందు పీఈటీ సార్‌కు చూపించి, "రావట్లేదు సార్" అన్నాను. "ఏం కాదులే పాపా, టేపు చుట్టుకో" అని తెల్ల టేపు చేతిలో పెట్టారు. ఫుట్‌బాల్ రూల్స్‌లో నాలుగోది చదవండి. ఏ నగా ఉండకూడదు, దాని మీద టేపు చుట్టడం కూడా కుదరదని స్పష్టంగా ఉంటుంది. నాకది మంచం మీద పడ్డాక తెలిసింది. ఆయనకు ముందే తెలిసి ఉండాలి. అది ఆయన ఉద్యోగం.

బంతి కంచె అవతల పడింది. ఇనుప జాలీ ఎక్కి దూకాను. కాళ్లు కింద ఆనేలోపే ఉంగరం పైన తీగకు చిక్కుకుంది. ఒంటి బరువంతా దాని మీదే పడింది. చర్మం గ్లౌజులా ఊడి వచ్చింది, వేలు తెల్లగా పాలిపోయింది. ఎముక విరగలేదు కానీ లోపలి రక్తనాళాలు తెగాయి. దీన్ని రింగ్ అవల్షన్ అంటారు. 2004లో స్విట్జర్లాండ్‌లో పౌలో డియోగో అనే ఆటగాడు గోల్ పడిన సంబరంలో కంచె ఎక్కి, దూకేటప్పుడు పెళ్లి ఉంగరం చిక్కుకుని ఇట్లాగే వేలు పోగొట్టుకున్నాడు.

"ఉంగరపు వేలే కదమ్మా, తీసేస్తే ఏం పోతుంది? రాసుకునేది కుడి చేత్తోనే కదా" అన్నారు డాక్టరు. కొన్నిసార్లు వేలు తీసేయక తప్పదట, ఒప్పుకుంటాను. కానీ అట్లా చెప్తారా? నాయన ముఖం చూడలేకపోయాను. బయట మా బంధువులావిడ, "పెళ్లి కావాల్సిన పిల్ల" అని మొదలుపెట్టింది. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు.

నన్ను కాపాడింది ఎక్స్‌రే తీసే అన్న. నాయనను పక్కకు పిలిచి, "బెంగళూరులో మైక్రోస్కోపు కింద నరాలు కుడతారు. గంటలు గడిస్తే లాభం లేదు, ఇప్పుడే బయల్దేరండి" అన్నాడు. ఆయన పేరు కూడా అడగలేదు. 200 కిలోమీటర్లకు పైగా దారి, చిన్నాయన కారు ఎక్కడా ఆపలేదు. ముంజేతి నుంచి సిర తీసి వేలిలో రక్తనాళం తెగిన చోట వేశారు.

అసలు భయం ఆపరేషన్ అయ్యాక. గది వెచ్చగా ఉండాలి. టీ, కాఫీ వద్దన్నారు, రక్తనాళాలు ముడుచుకుంటాయట. నర్సు గంటగంటకూ వచ్చి వేలి కొన నొక్కి చూసేది. వదిలిన వెంటనే రంగు తిరిగి రావాలి. రెండో రాత్రి ఆమె నొక్కి, మళ్లీ నొక్కి, ఏమీ మాట్లాడకుండా పరిగెత్తింది. చూస్తే వేలు నేరేడుపండు రంగులో ఉంది. లోపలికి పోయిన రక్తం వెనక్కి రావట్లేదు. డ్యూటీ డాక్టరమ్మ వచ్చి, ఎండిన రక్తంతో బిగిసిన కట్టు కత్తిరించి, రెండు కుట్లు విప్పింది. నల్లటి రక్తం కారింది. "ఉంటుందా మేడం?" అని అడిగితే, "చూద్దాం, నేనిక్కడే ఉంటాను" అంది. నిజంగానే తెల్లారేదాకా స్టూలు మీదే కూర్చుంది. అమ్మ గోడవైపు తిరిగి గూగూడు కుళ్లాయిస్వామిని తలుచుకుంటూనే ఉంది. వేలు ఎరుపెక్కింది డాక్టరమ్మ వల్లా, స్వామి వల్లా అని అమ్మ అంటుంది. నేనూ అంతే అనుకుంటాను.

ఇంటికొచ్చాక పీఈటీ సార్ చూడ్డానికి వచ్చి, "దిష్టి తగిలిందమ్మా" అన్నారు. దిష్టి కాదు సార్, టేపు.

ఉంగరం రాకపోతే చెయ్యి పైకెత్తి కాసేపు ఉంచి, సబ్బు నురగ రాసి మెల్లగా తిప్పండి. అప్పటికీ రాకపోతే కంసాలి దగ్గరికి పోండి, కోసిస్తాడు. బంగారం మళ్లీ అతుకుతుంది. కమ్మలైనా, గొలుసైనా ఆటకు ముందు తీసేయాల్సిందే. కబడ్డీలోనూ నగలు వద్దనే రూలుంది.

శెనక్కాయలమ్మిన డబ్బంతా బెంగళూరులో కట్టాం. దాని గురించి కాలేజీని ఏమీ అడగలేదు. మ్యాచ్‌కు ముందు పిల్లలను వరుసగా నిలబెట్టి చేతులు, చెవులు, మెడ చూడమని మాత్రం కాగితం రాసిచ్చాను. జవాబు లేదు. మొహర్రంకు గూగూడు పోయి చక్కెర చదివించాలి. ఆలోపు జవాబు రాకపోతే నాయనను తీసుకుని ప్రిన్సిపాల్ గదికే పోతాను.