పగులు ఎక్కడ పుడుతుంది?

పోయిన నెల ఒక ఆదివారం ఉదయం, చన్నీళ్లతో కడిగి పెట్టిన గాజు గ్లాసులో మరుగుతున్న టీ పోయగానే అది టప్పుమని చిట్లింది. పగులు మందంగా ఉన్న అడుగు అంచున మొదలై, రెండంగుళాల మేర నిటారుగా పైకి పాకి, ఆ తరువాత కాస్త పక్కకు ఒరిగి, మూతి దాకా చేరకుండానే ఆగిపోయింది. వంటగట్టు మీద టీ కారిపోతుంటే గుడ్డ అందుకోవడం మాని ఆ గీతనే చూస్తూ నిలబడినందుకు ఇంట్లో చీవాట్లు తప్పలేదు. కానీ పగుళ్లను కంప్యూటర్లో లెక్కగట్టడమే వృత్తిగా ఉన్నవాడికి, పని చేసే చోట నెలల తరబడి తేలని ప్రశ్న వంటింట్లో ఎదురైతే కదలడం కష్టం.

పగులు గురించిన ఆలోచనకు పునాది 1921లో ఇంగ్లండులో ఏ. ఏ. గ్రిఫిత్ అనే ఇంజినీరు వేశాడు. అంతకు ముందు 1913లో ఇంగ్లిస్, పలకలో దీర్ఘవృత్తాకారపు రంధ్రం ఉంటే దాని కొన ఎంత వాడిగా ఉంటే అక్కడ ప్రతిబలం, అంటే ఒక్కో చదరపు వైశాల్యం మీద పడే బలం, అంతగా పెరుగుతుందని లెక్క కట్టి చూపించాడు. ఆ లెక్కను చివరిదాకా లాగితే, సూదిమొన లాంటి పగులు కొన దగ్గర ప్రతిబలం అనంతం కావాలి. అంటే గీత పడ్డ ప్రతి గాజుముక్కా చేయి తగిలితేనే రెండుగా విడిపోవాలి. అలా జరగదు గనుక గ్రిఫిత్ ప్రతిబలాన్ని పక్కన పెట్టి శక్తి లెక్కలోకి వెళ్లాడు. పగులు కొంచెం ముందుకు జరిగితే వస్తువులో సాగి ఉన్న శక్తి కొంత విడుదలవుతుంది, కొత్తగా ఏర్పడే తలాలకు కొంత ఖర్చవుతుంది. రాబడి ఖర్చుకు సరిపోయినప్పుడే పగులు కదులుతుంది. ఇల్లు నడిపే వారెవరికైనా ఇట్టే అర్థమయ్యే ఈ లెక్కలో లోటు ఒక్కటే. పగులు అప్పటికే ఉండాలి, అది ఏ దారిన పోతుందో మనమే చెప్పాలి.

ఆ లోటును తీర్చే ప్రయత్నం 1998లో ఫ్రాంక్‌ఫోర్, మారిగో అనే ఇద్దరు ఫ్రెంచి పరిశోధకులు చేశారు. వారు దారిని అడగలేదు. వస్తువులో ఏర్పడడానికి వీలున్న పగుళ్లన్నిటినీ ఊహించి, వాటిలో మొత్తం శక్తిని, అంటే సాగుదలలో దాగిన శక్తినీ పగులు వైశాల్యానికి పట్టే ఖర్చునూ కలిపిన మొత్తాన్ని, అతి తక్కువ చేసేదాన్నే ప్రకృతి ఎంచుకుంటుందని అన్నారు. వినడానికి బాగానే ఉంది గాని, అన్ని పగుళ్ల మధ్య వెతకడం ఏ యంత్రానికి సాధ్యం?

జవాబు అప్పటికే మరో పేటలో సిద్ధంగా ఉండడం ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. 1989లో మమ్‌ఫర్డ్, షా అనే గణితజ్ఞులు ఫోటోలలో వస్తువుల అంచులను కంప్యూటరు గుర్తుపట్టడానికి ఒక సూత్రం రాశారు. బొమ్మ చాలాచోట్ల నున్నగా మారుతుంది, అంచుల దగ్గర మాత్రం తెగుతుంది, అంచు పొడవు పెరిగేకొద్దీ జరిమానా కట్టాలి. పగిలిన పలకలో కదలికా అంతే: అంతటా నున్నగా ఉండి పగులు దగ్గర తెగుతుంది. 1990లో అంబ్రోజియో, టోర్టొరెల్లి అనే మరో ఇద్దరు గణితజ్ఞులు ఆ తెగిన గీత స్థానంలో సున్నా నుంచి ఒకటి దాకా క్రమంగా మారే ఒక రాశిని పెట్టారు. సున్నా అంటే వస్తువు అక్కడ బాగుంది, ఒకటి అంటే పూర్తిగా తెగింది. తడి కాగితం మీద సిరా గీత అలుముకున్నట్టు, సన్నని పగులు ఒక చిన్న వెడల్పు మేర పరుచుకుంటుంది. 2000లో బూర్దాన్ అనే పరిశోధకుడు ఫ్రాంక్‌ఫోర్, మారిగోలతో కలిసి దీన్ని పగుళ్ల లెక్కకు వాడి చూపించాడు. 2010లో జర్మనీలో మీహె బృందం ఇంజినీర్లకు చేతికందే రూపమిచ్చిన తరువాత ఫేజ్ ఫీల్డ్ అనే పేరుతో ఇది అన్ని విభాగాలకూ పాకింది.

ఈ పద్ధతిలో కోడ్ రాసినవారికి మొదటిసారి కలిగే ఆనందం వేరు. ఒక మిల్లీమీటరు చదరపు పలక, ఎడమ అంచు నుంచి మధ్యదాకా గాటు, పై అంచును పైకి లాగడం. ఈ రంగంలో అడుగుపెట్టిన ప్రతివారూ చేసే పరీక్ష ఇదే. పై అంచు మిల్లీమీటరులో వెయ్యోవంతులు అయిదో ఆరో జరిగేసరికి, ఎవరూ దారి చూపకుండానే గాటు కొన నుంచి పగులు పలకను రెండుగా చీల్చేస్తుంది. అదే పలకను పైకి లాగకుండా పక్కకు జరిపినప్పుడు నా కోడ్‌లో గాటు నుంచి ఒక కొమ్మ పైకి, ఒక కొమ్మ కిందికి సరిసమానంగా పుట్టాయి. రెండు రోజులు వెతికితే తప్పు బయటపడింది. లాగితే తెగాలి, నొక్కితే తెగకూడదు అన్న తేడా కోడ్‌కు చెప్పలేదు, అందుకే నొక్కుడు పడుతున్న వైపు కూడా అది నిశ్చింతగా చీల్చుకుంటూ పోయింది. శక్తిని లాగుడు భాగంగా, నొక్కుడు భాగంగా విడగొట్టి, మొదటిదానికే పగులగొట్టే హక్కు ఇచ్చాక ఒక్క కొమ్మే మిగిలింది.

ఖర్చు సంగతి వేరే చెప్పాలి. ఆ పరీక్షలో పగులు పరుచుకునే వెడల్పును సాధారణంగా 0.0075 మిల్లీమీటర్లు తీసుకుంటారు, లెక్క కోసం పలకను విడగొట్టే గళ్ల వల, అంటే మెష్‌లో, ఒక్కో గడి అందులో సగానికి మించకూడదు. అంటే ఒక పక్కకు 267 గళ్లు, మొత్తం 71 వేల పైచిలుకు, అదీ ఆవగింజంత పలకకు. పగులు పోయే చోట మాత్రమే మెష్ సన్నం చేసుకోవచ్చుగా అంటారు; దారి ముందే చెప్పనక్కరలేదని గొప్పగా చెప్పుకునే పద్ధతిలో, మెష్ కోసం ఆ దారి ముందే తెలిసి ఉండాలన్నమాట! లెక్క నడుస్తుండగానే పగులు వెంట మెష్‌ను మార్చుకునే ఉపాయాలు ఉన్నాయి, వాటికయ్యే ఖర్చు వాటికి అవుతుంది.

అసలు చిక్కు ఆ వెడల్పులోనే ఉంది. గణితజ్ఞులు దాన్ని ఒక సౌకర్యంగా ప్రవేశపెట్టారు. దాన్ని సున్నాకు చేరిస్తే గ్రిఫిత్ లెక్కే తిరిగి వస్తుందని నిరూపించారు. అయితే గాటు లేని నున్నటి కడ్డీని ఇదే నమూనాలో లాగి చూస్తే, అది తెగే ప్రతిబలం ఆ వెడల్పు వర్గమూలానికి విలోమంగా మారుతుంది. వెడల్పును నాలుగో వంతు చేస్తే కడ్డీ బలం రెట్టింపవుతుంది, సున్నా చేస్తే అనంతమవుతుంది. పై పరీక్షలో ఉక్కు పేరుతో వాడే అంకెలనే వేసి చూస్తే, గాటు లేని పలక దాదాపు 2,800 మెగాపాస్కల్ (ప్రతిబలాన్ని కొలిచే ప్రమాణం) దాకా తట్టుకుంటుందని వస్తుంది. మామూలు నిర్మాణపు ఉక్కు 400 దగ్గరే ఆగుతుంది. గాటు ఉన్నంతవరకు పెద్దగా బయటపడని ఈ పొరపాటు, గాటు లేనిచోట పగులు పుట్టాల్సి వచ్చినప్పుడు లెక్క మొత్తాన్ని తారుమారు చేస్తుంది.

అందుకని చాలామంది ఆ వెడల్పును పదార్థపు గుణంగానే ఒప్పుకుని, బలానికి తగ్గట్టు ఎంచుకోవడం మొదలుపెట్టారు. నేనూ అదే చేసేవాణ్ణి. 2020లో కుమార్, బూర్దాన్, ఫ్రాంక్‌ఫోర్, లోపెజ్-పామియెస్ కలిసి రాసిన వ్యాసం నా నమ్మకాన్ని సడలించింది. సాగే గుణం, పగులును అడ్డుకునే గుణం ఎంత ముఖ్యమో, బలం కూడా అంత విడిగా నిలిచే గుణమని, శక్తిని తగ్గించే సూత్రం ఒక్కదానితో పగులు పుట్టుకను చెప్పలేమని ఆ వ్యాసం సారాంశం. సిద్ధాంతానికి పునాది వేసినవారిలో ఇద్దరు, ఇరవై ఏళ్ల తరువాత తమ సూత్రానికి హద్దు ఎక్కడుందో తామే గీసి చూపించడం నాకు ఆ సూత్రం కంటే గొప్పగా తోచింది. వారు చూపిన మందు, అంటే సమీకరణంలో బలానికి వేరుగా ఒక పదం చేర్చడం, శక్తి లెక్కకున్న పొందికను కొంత చెడగొడుతుంది. దానిమీద వాదాలు నడుస్తూనే ఉన్నాయి. నా మటుకు నేను పొందిక కంటే సరైన బలాన్నే కోరుకుంటాను.

గ్లాసు దగ్గరికి వస్తాను. వేడి టీ తగిలిన లోపలి ముఖం వ్యాకోచించబోతే చల్లగా ఉన్న బయటి ముఖం లాగుడుకు గురవుతుంది, అందుకే పగులు బయట పుడుతుంది. గాజు బలం 50 మెగాపాస్కల్ అనుకుంటే నమూనాలో వెడల్పు 0.08 మిల్లీమీటర్ల దగ్గర పడుతుంది, 100 అనుకుంటే 0.02కు దిగుతుంది. మొదటిదానితోనే, మూడు మిల్లీమీటర్ల మందం గల గ్లాసు మొత్తానికి మెష్ వేయాలంటే దాదాపు 94 కోట్ల గళ్లు కావాలి, కనుక నిలువు కోత ఒక్కటి తీసుకుని రెండు అంకెలతోనూ నడిపాను. ఒకదానిలో పగులు అడుగు మూల నుంచి లేచింది, రెండోదానిలో గ్లాసు పగలనే లేదు.

ఏ అంకె వేయాలో తెలియక, పారేయకుండా దాచిన గ్లాసును టార్చి వెలుగులో తిప్పి చూశాను. పగులు మొదలైన చోట, ఏళ్ల తరబడి గ్రానైట్ గట్టుకు ఒరుసుకున్న అడుగు అంచు అంతా వెంట్రుకల్లాంటి గీతలు ఉన్నాయి. వేలితో తడిమితే గరుకు తెలిసింది. అదే గ్లాసు నడుము దగ్గర గాజు అద్దంలా నున్నగా ఉంది. ఒకే గ్లాసులో రెండు బలాలున్నాయి, నా కోడ్‌లో ఇప్పటికి ఒక్క అంకెకే చోటుంది.