పాతది ఎడమ పేజీలో, కొత్తది కుడి పేజీలో: నెట్ విజువల్ ఆర్ట్స్ ప్రిపరేషన్‌లో నా అనుభవం

నెట్ (కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్ష) విజువల్ ఆర్ట్స్ రాయబోతున్న మిత్రులకు,

రెండో ప్రయత్నంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి క్వాలిఫై అయ్యాను. జేఆర్‌ఎఫ్ (పరిశోధనకి ఇచ్చే ఫెలోషిప్) రాలేదు, దానికి మళ్లీ రాస్తాను. సిలబస్, పాత పేపర్లు మీ దగ్గర ఉండే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. నన్ను బాగా ఇబ్బంది పెట్టిన అప్రోప్రియేషన్ గురించే చెబుతాను. పాత కళాకృతిని ఇప్పటి కళాకారులు తీసుకుని, తమ పనిగా మళ్లీ మన ముందు పెట్టడం.

మొదటిసారి ఇలాంటి కళాకారుల పేర్లు, వాళ్ల కృతుల సంవత్సరాలు బట్టీ పట్టాను. డుషాంప్ 1919, లెవీన్ 1981, మొరిమురా 1988. సబ్జెక్టు మీద ఉండే పేపర్ 2లో 100 ప్రశ్నలు, 200 మార్కులు. జతపరచండి, కాలక్రమంలో అమర్చండి అనేసరికి తలలో ఉన్నవన్నీ కలగాపులగమైపోయాయి. నెగటివ్ మార్కులు లేవు కదా అని ఏదో ఒకటి పెట్టేసి వచ్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

దారి చూపించింది మా పిల్లలే. విశాఖ ఎంవీపీ కాలనీలో ఆదివారాలు తొమ్మిదో తరగతి వాళ్లకి డ్రాయింగ్ చెబుతాను. ఒకరోజు పూర్ణా మార్కెట్ దుకాణంవాళ్లు ఇచ్చిన లక్ష్మీదేవి క్యాలెండర్ గోడకి తగిలించి, ఈ రూపం ఇంటింటికీ ఎలా వచ్చిందో చెప్పాను. రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్ పెట్టడం, అక్కడ అచ్చయిన బొమ్మలు పూజగదుల్లోకి చేరడం. తర్వాత బెంగళూరు కళాకారిణి పుష్పమాల ఫొటోలు చూపించాను. ఫొటోగ్రాఫర్ క్లేర్ ఆర్నీతో కలిసి 2000 నుంచి 2004 దాకా చేసిన సిరీస్‌లో ఆవిడే రవివర్మ లక్ష్మిగా, వెన్నెల్లో కూర్చున్న స్త్రీగా వేషం కట్టి కెమెరా ముందుకొచ్చింది.

వెనక బెంచీ కుర్రాడు లేచాడు. "మేడమ్, ఇది కాపీ కాదా? మేం చేస్తే మార్కులు తీసేస్తారు కదా?"

కాపీ కొట్టేవాడు అసలుదాన్ని దాచిపెడతాడు, ఈవిడ మాత్రం అసలుది మనకి గుర్తు రావాలనే కోరుకుంటుంది అన్నాను. వాడు ఒప్పుకున్నాడు. నాకే తృప్తి కలగలేదు, ఎందుకంటే అమెరికన్ కళాకారిణి షెర్రీ లెవీన్ ఉంది. 1936లో ఫొటోగ్రాఫర్ వాకర్ ఎవాన్స్ అమెరికాలోని అలబామా కౌలు రైతుల కుటుంబాలను తీసిన ఫొటోలు క్యాటలాగ్‌లో అచ్చయితే, ఆవిడ వాటినే మళ్లీ ఫొటో తీసి 'ఆఫ్టర్ వాకర్ ఎవాన్స్' అని ప్రదర్శించింది. బొమ్మలో ఏమీ మార్చలేదు. పేరు మాత్రం ఎవరి నుంచి తీసుకుందో బాహాటంగా చెబుతోంది. అసలు 'సొంత పని' అంటే ఏమిటని అడగడమే ఆవిడ పని. పిల్లలకి చెప్పడానికి నాలుగుసార్లు మాటలు వెతుక్కున్నాక గానీ ఇది నాకు స్పష్టం కాలేదు.

అప్పటి నుంచి నోట్స్ మార్చాను. ఎడమ పేజీలో పాతది, కుడి పేజీలో కొత్తది, కింద ఏది ఉంచారు, ఏది మార్చారు. ఫ్రెంచ్ చిత్రకారుడు మానే వేసిన 'ఒలింపియా' 1863 పక్కన, అదే దృశ్యంలో తనే వేషం కట్టి ఫొటో తీసుకున్న జపాన్ కళాకారుడు మొరిమురా 1988. మంచం మీద పడుకున్నదీ తనే, పూలు తెచ్చిన పరిచారికా తనే. పరుపు మీద కిమోనో, నల్లపిల్లి ఉండాల్సిన చోట జపాన్ దుకాణాల్లో అదృష్టానికి పెట్టుకునే పిల్లి బొమ్మ. ఆ పిల్లిని చూశాక ఆ సంవత్సరం మరిచిపోలేదు. మానే కూడా టిషియన్ వీనస్‌ని చూసే వేశాడు కాబట్టి ఇక్కడ మూడు బొమ్మలు పెట్టుకోండి. వెలాస్కెజ్ 'లాస్ మెనినాస్' 1656, దాని మీద పికాసో సిరీస్ 1957. డావిడ్ గుర్రమెక్కించిన నెపోలియన్, ఆ గుర్రం మీదే నల్లజాతి యువకుణ్ణి కూర్చోబెట్టిన కెహిండే వైలీ, 2005. ఇలా పద్దెనిమిది జతలు రాసుకున్నాను, చాలు. 

వీలైతే ఎవరికైనా చెప్పండి, తమ్ముడికైనా సరే. పేపర్ 1లో బోధనా సామర్థ్యం ప్రశ్నలకి కూడా నాకు ఆ క్లాసే పనికొచ్చింది.

తర్వాతి ఆదివారానికి క్యాలెండర్ లక్ష్మిని మీ ఇష్టప్రకారం మళ్లీ గీయమన్నాను. మత్స్యకారులుండే పెదజాలారిపేట అమ్మాయి ఒకతె పై చేతుల్లో తామరల బదులు రెండు వంజరం చేపలు పెట్టింది. కాళ్ల కింద తామర లేదు, హార్బర్ గట్టు. పక్కన ఏనుగు ఉండాల్సిన చోట ఐసు పెట్టె.

"మా అమ్మ కూడా నీళ్ల దగ్గరే నిలబడుతుంది కదా మేడమ్" అంది.

ఆ బొమ్మ జిరాక్స్ తీయించి నోట్‌బుక్‌లో కుడి పేజీకి అతికించాను. ఎడమ పేజీలో రవివర్మ ఉన్నాడు.